గేమ్ బాక్స్ కూడా సాక్షే.. తొందరపడి రీసెట్ కొట్టొద్దు!

కొత్తగూడెం: టీవీ పక్కన ఉండే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ చాలా ఇళ్లలో పిల్లల ఆటవస్తువులే. కానీ అవి ఇంటర్నెట్‌కు కలిసిన కంప్యూటర్లు కూడా. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఎవరితో మెసేజ్‌లు నడిచాయి, ఏం కొన్నారు అనే ఆనవాళ్లు కొన్ని అందులో, కొన్ని కంపెనీ సర్వర్లలో ఉంటాయి.

గేమ్ చాట్‌లో పరిచయమైన ఎవరో పిల్లాడిని ఫొటో అడిగి, ఆ తర్వాత బెదిరించాడనుకోండి. పరువు పోతుందనే భయంతో ఇంట్లోవాళ్లు అంతా డిలీట్ చేసేస్తారు. బెదిరించినవాడి జాడ కూడా దాంతోనే పోవచ్చు.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

నిపుణులు అసలు హార్డ్ డిస్క్‌ను ముట్టుకోరు. అందులో ఏమీ రాయకుండా అడ్డుకునే 'రైట్ బ్లాకర్' పెట్టి నకలు తీస్తారు. ఎక్స్‌బాక్స్ వన్‌లో చాలా ఫైళ్లు తాళం వేసినట్టే ఉన్నా, వాటి తేదీలు, సమయాలు కనిపిస్తాయి. ప్లేస్టేషన్ 4 డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే చదవడానికి ఏమీ దొరకదు, డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అందుకే నకలు డిస్క్‌ను గేమ్ బాక్స్‌లోనే పెట్టి, ఇంటర్నెట్ లేకుండా నడిపి, తెరపై కనిపించేదంతా వీడియో తీస్తారు.

చట్టం ఏమంటోంది?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. అందులో 'హ్యాష్ విలువ' రాస్తారు. ఇది డేటాకు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా విలువ మారిపోతుంది. పోలీసులు సోదా చేసి వస్తువు స్వాధీనం చేసుకుంటే వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 105 చెబుతోంది. జాబితాపై సాక్షుల సంతకాలూ ఉండాలి. ఈ రికార్డులు నేరం చేసినవాడిని పట్టించడానికే కాదు, ఏ తప్పూ చేయని కుర్రాడిని కాపాడటానికీ పనికొస్తాయి.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

* రీసెట్ కొట్టొద్దు. వైఫై తీసేయండి.
* అవతలివాడి గేమ్ ఐడీ, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. తెరను ఫొటో తీయండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.
* దగ్గరి పోలీస్ స్టేషన్‌లో లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
* సెకండ్ హ్యాండ్ బాక్స్ కొంటే పాత ఓనర్ అకౌంట్ తీసేశాకే పిల్లలకు ఇవ్వండి. ఎప్పుడు కొన్నారో తెలిపే రసీదు దాచుకోండి.

అన్నిటికంటే ముందు, పిల్లాడు భయం లేకుండా అమ్మీకో అబ్బాకో చెప్పుకోగలగాలి. తిట్లు పడతాయని వాడే డిలీట్ చేసేస్తే ల్యాబ్‌కు పంపినా దొరికేది తక్కువే.