పొగకు పని చెప్పిన కారు

కట్టెల పొయ్యి మందగిస్తే ఊదుగొట్టంతో గాలి ఊదుతారు. కొత్త కట్టె ఒక్కటీ పెట్టకుండానే మంట భగ్గుమంటుంది. అంటే కొరత కట్టెలకు కాదు, గాలికన్న మాట. కారు ఇంజను సంగతీ ఇంతే. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. పెట్రోలు ఎంత కావాలంటే అంత పంపవచ్చు. ఇబ్బందల్లా గాలితోనే. పిస్టను కిందికి దిగినప్పుడు సిలిండరులో ఏర్పడే ఖాళీలోకి ఎంత గాలి వస్తే అంతే.

మరి ఇంజనుకు కూడా ఒక ఊదుగొట్టం పెడితే? ఊదేదెవరు? ఇంజను వదిలే పొగతోనే ఆ పని చేయించవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూచి 1905లో పేటెంటు తీసుకున్నాడు. పెట్రోలు మండితే పుట్టే వేడిలో దాదాపు మూడో వంతు పొగగొట్టం గుండా వృథాగా పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడతారు. దీనిని టర్బైను అంటారు. అదే ఇరుసు రెండో చివర మరో చక్రం ఉంటుంది. పొగ మొదటిదాన్ని తిప్పితే, దానితో పాటు తిరిగే రెండోది బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి తోస్తుంది. ఈ జంట చక్రాల యంత్రమే టర్బోచార్జరు. ఇది నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరుగుతుంది!

ఓడల్లోని పెద్ద డీజిలు ఇంజన్లకు ఇది బాగా పనికివచ్చింది. అవి గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తాయి కదా. కారు అలా కాదు. మలుపు రాగానే డ్రైవరు కాలు తీస్తాడు, మళ్ళీ నొక్కుతాడు. కాలు తీయగానే పొగ తగ్గి చక్రం నెమ్మదిస్తుంది. తిరిగి నొక్కినప్పుడు చక్రం తిరగాలంటే పొగ కావాలి, పొగ ఎక్కువ కావాలంటే గాలి కావాలి, గాలి రావాలంటే చక్రం తిరగాలి! చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుంటుంది వ్యవహారం. ఈ చిక్కు వీడేలోగా ఒకటి రెండు సెకన్లు గడిచిపోతాయి. ఆ కాస్త ఆలస్యాన్ని తగ్గించడానికి జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో పోర్షె కంపెనీ ఇంజనీర్లు 50 ఏళ్ళు తంటాలు పడ్డారు.

వాళ్ళు మొదట టర్బోను అమెరికా పందాల్లో పరీక్షించారు. 1973 నాటి వాళ్ళ 917 పందెపు కారు సుమారు 1100 అశ్వశక్తి ఇచ్చేది. గాలి మితిమీరితే ఇంజను పగిలిపోతుంది కాబట్టి, అదనపు పొగను టర్బైను మీదికి పోనివ్వకుండా పక్కదారి పట్టించే కవాటం అమర్చారు. ఆ అనుభవంతో 1974 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో 911 టర్బో కారును చూపించారు. 3 లీటర్ల ఇంజను, 260 అశ్వశక్తి. రోడ్డు మీద తిరిగే కార్లలో టర్బో పెట్టడం ఇదే మొదలు కాదు. 1962లోనే అమెరికాలో రెండు కార్లు వచ్చాయి. కాని పేరు నిలిచింది దీనికే.

పేరుతో పాటు అపకీర్తీ వచ్చింది. ఈ కారులో ఇంజను వెనక చక్రాలకు కూడా వెనకాల ఉంటుంది. తడిసిన రోడ్డు మీద మలుపు తిరుగుతున్నారనుకోండి. డ్రైవరు పెడలు నొక్కుతాడు. ఏమీ కాదు. ఇంకా నొక్కుతాడు. సరిగ్గా మలుపు మధ్యలో ఉండగా శక్తి అంతా ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడుతుంది. అవి జారతాయి. భయపడి కాలు తీశాడా, మరీ ప్రమాదం. బరువు ముందుకు ఒరిగి వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. వెనకనున్న బరువైన ఇంజను ఒడిసెలలోని రాయిలా బయటికి విసురుగా పోతుంది, కారు గిరుక్కున తిరిగిపోతుంది. భార్యలను వితంతువులను చేసే బండి అని దీనికి పేరు పెట్టారంటే ఊహించుకోండి.

1977లో ఇంజను 3.3 లీటర్లయింది. సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కడం మీకు తెలుసు. నొక్కిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, సిలిండరులో తక్కువ పడుతుంది. అందుకని ఆ గాలిని చల్లబరిచే పరికరం ఒకటి వెనక రెక్క కింద అమర్చారు. శక్తి 300కు పెరిగింది. దానికి తగ్గట్టు 917 పందెపు కారు తరహా బ్రేకులు పెట్టారు. అయినా అసలు ఆలస్యం మాత్రం అలాగే ఉంది.

దానికి కారణం చక్రం జడత్వం. ఇక్కడ ఒక లెక్క చూడండి. ఒక చక్రాన్ని అన్ని వైపులా సగానికి తగ్గిస్తే బరువు 8వ వంతు అవుతుంది. ఆ బరువు కూడా ఇరుసుకు సగం దూరంలోకి వస్తుంది. దూరం వర్గాన్నిబట్టి జడత్వం మారుతుంది కాబట్టి అది మరో 4 వంతులు తగ్గి, మొత్తం 32వ వంతే మిగులుతుంది! ఒక పెద్ద చక్రం కంటె రెండు చిన్నవి మేలని దీనివల్ల తెలుస్తుంది. 1986లో వచ్చిన 959 కారులో రెండు టర్బోలు వంతులవారీగా పనిచేసేవి. ఉపాయం మంచిదే, కాని ఖరీదు విపరీతం. అలాంటివి సుమారు 300 మాత్రమే తయారయ్యాయి. 1995 నాటి 911 టర్బోలో రెండు చిన్న టర్బోలు ఒకేసారి పనిచేశాయి. శక్తి 408. పైగా అది నాలుగు చక్రాలకూ చేరడంతో వెనక టైర్ల భారం తగ్గింది.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది 2006లో వచ్చిన మార్పు. తోటకు నీళ్ళు పట్టే గొట్టం మూతిని వేలితో కాస్త మూస్తే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి కదా? అలాగే టర్బైను చుట్టూ కదిలే రెక్కలు పెట్టారు. పొగ తక్కువున్నప్పుడు అవి దగ్గరకు మూసుకుంటాయి. సన్నని సందుల్లోంచి పొగ వేగంగా దూసుకుపోతుంది. డీజిలు కార్లలో ఈ రెక్కలు అప్పటికే ఉన్నాయి. కాని పెట్రోలు ఇంజను పొగ 1000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దానికి తట్టుకునే లోహాలు కుదిరాకే వీలుపడింది.

2024లో 911 కార్లలో ఒక రకానికి, 2025లో టర్బో ఎస్‌కూ టర్బోచార్జరు ఇరుసు మీదనే ఒక విద్యుత్ మోటారును బిగించారు. పొగ వచ్చేదాకా ఆగకుండా అదే చక్రాన్ని తిప్పేస్తుంది. టర్బో ఎస్ శక్తి 711 అశ్వశక్తికి చేరింది. 2024 కారులో మరో విశేషం, అదనపు పొగను పక్కకు తప్పించే కవాటమే లేదు. పొగ ఎక్కువైనప్పుడు మోటారు జనరేటరుగా మారి చక్రాన్ని నిలవరిస్తూ 11 కిలోవాట్ల దాకా కరెంటు పుట్టిస్తుంది. అది బ్యాటరీలోకి పోతుంది, లేదా తిన్నగా కారును నడిపే మరో మోటారుకు అందుతుంది.