ఏకలలో ఎగిరి ధర్మవరంలో దిగిన పాట

హిందూపురం నుంచి విజయవాడకు గగనమార్గాన 450 కిలోమీటర్లు. కొలంబో పక్కనున్న ఏకలకు దాదాపు 800, మధ్యలో సముద్రం కూడానూ. అయినా ఒకప్పుడు పట్టపగలు సినిమా పాట కావాలంటే ఇక్కడివాళ్లు రేడియో ముల్లు తిప్పింది సిలోన్‌కే.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని నడుస్తుంది, పోనుపోను నీరసిస్తుంది. పైకెగిరిన భాగాన్ని పగటిపూట ఆకాశంలోని ఒక పొర మింగేస్తుంది. పొద్దుగూకితే తప్ప అది దూరం రాదు. షార్ట్‌వేవ్ దారి వేరు. ఏటవాలుగా లేచి, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున అయనావరణాన్ని తాకి, వంగి కిందికి దిగుతుంది. నడుమ పెనుకొండ ఉన్నా, అలాంటివి పది ఉన్నా దానికి లెక్కలేదు.

సిలోన్‌లో రేడియోకు ఆద్యుడు టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ హార్పర్. మొదటి ప్రపంచయుద్ధంలో పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి రేడియో భాగాలతో ఆయన బృందం ట్రాన్స్‌మిటర్ కట్టిందంటారు. 1925 డిసెంబరులో కొలంబో రేడియో మొదలైంది. అసలు కండబలం మాత్రం రెండో యుద్ధంతో వచ్చింది. మౌంట్‌బాటన్ ఆగ్నేయాసియా సైన్యాల వినోదానికి బ్రిటిష్ వాళ్లు ఏకలలో 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ యంత్రం పెట్టారు. అది పూర్తిబలంతో పలికేసరికి 1946. యుద్ధం ముగిసి నెలలు గడిచాయి! పెళ్లయ్యాక దిగిన బాజాలా ఉన్న ఆ యంత్రం 1949లో సిలోన్ ప్రభుత్వం చేతికొచ్చింది. ఆస్ట్రేలియన్ క్లిఫర్డ్ డాడ్ దాంతో ప్రకటనల వ్యాపారం నడిపాడు.

ఆ వ్యాపారానికి పెద్ద సాయం చేసింది మన ప్రభుత్వమే. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో పాటలు తగ్గాయి, నిర్మాతలు హక్కులివ్వడం మానుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో కొలంబో నుంచి అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలెట్టాడు. హిందీ ముక్క రాని ఇళ్లలోనూ ఆ గొంతు మోగింది. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై ఉండేవారు. రేడియో ఉన్నవాళ్లు ఏటా లైసెన్సు రుసుము పోస్టాఫీసులో కట్టేవాళ్లు. డబ్బు ఢిల్లీకి, చెవులు కొలంబోకి!

డాబాపై రెండు వెదురుగెడల మధ్య ఏరియల్. కిందికి దిగిన తీగ మర్ఫీకో, బుష్‌కో తగిలించాలి. 25, 41 మీటర్ల గుర్తుల దగ్గర ముల్లు వెంట్రుకవాసి కదిలితే చైనా గొంతో, మోర్స్ టకటకో అడ్డొచ్చేది. దొరికాక కూడా పాట అలలా దగ్గరై దూరమయ్యేది. అయనావరణం నిలకడగా ఉండదు మరి. ధర్మవరం నేతగాడికి చేతులకు, కాళ్లకు, కళ్లకు పని, చెవులకు తీరికే. కానీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు మాటిమాటికీ లేచి ముల్లు సవరించలేడు. అందుకు పక్కన కండెలు చుట్టేవాళ్లు దిక్కు. చరణం మధ్యలో గొంతు మునిగిపోతే "కొంచెం తిప్పు" అంటే చాలు.

ఢిల్లీ దిగొచ్చింది. 1957 అక్టోబరు 3న సినిమా పాటలకు చోటిచ్చే వివిధ భారతి పుట్టింది. 1963లో కడప కేంద్రం వచ్చింది. హిందూపురానికి 160 కిలోమీటర్లు, ధర్మవరానికి ఇంకా దగ్గర. ముల్లుతో కుస్తీ తగ్గింది. కొలంబో స్టేషన్ 1967లో కార్పొరేషన్ అయింది, 1972లో పేరులోకి శ్రీలంక వచ్చింది. శ్రోతలు మాత్రం సిలోన్ అనే పిలిచారు. తర్వాత అనంతపురం ఎఫ్‌ఎం కూడా వచ్చింది. వినడానికి హాయి, గరగర లేదు. కాకపోతే దాని తరంగం సూటిగా పోయే రకం. పెనుకొండ అడ్డొస్తే నీరసిస్తుంది, 800 కిలోమీటర్ల ఊసే ఎత్తదు.