ఒక దినము, రెండు ఫసలీలు

1930 ఆగస్టులో మునగాల పరగణా రైతు ఒకడు శిస్తు చెల్లించెననుకొందము. అతని రసీదుపై ఫసలీ 1340 అని యుండును. అదే దినమున సూర్యాపేట రైతు చెల్లించిన శిస్తుకు ఫసలీ 1339 అని వ్రాయుదురు. చుట్టును నైజాము రాజ్యమున్నను, మునగాల మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. మద్రాసు ఫసలీ జూలై 1న మొదలగును. హైదరాబాదు ఫసలీ ఆనాడు అక్టోబరు మొదటి వారమున, ఆజూరు మాసముతో మొదలగుచుండెడిది.

ఇట్టి పాత లెక్కలను కంప్యూటరు పట్టికల కెక్కించి, ఇంగ్లీషు తేదీలుగా మార్చువారికి ఇచ్చటనే చిక్కు. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిలో సమాచారమంతయు వరుసలు, గడులుగల పట్టికలలో నుండును. గడిలోని తేదీని మార్చు ఆజ్ఞకు ‘అప్‌డేట్’ అని పేరు. ఏ వరుసలను మార్చవలెనో చెప్పు షరతుకు ‘వేర్’ అని పేరు. షరతు మరచినచో పట్టిక యంతయు ఒక్కసారిగా మారిపోవును. ఫసలీకి 590 కలుపుమని అన్ని వరుసలకు ఆజ్ఞాపించితిమా, మునగాల రసీదు 1930గా సరిపడును, సూర్యాపేట రసీదు 1929కి జారిపోవును. భూమి తగవులో ముందు శిస్తు కట్టినవారెవరన్న ప్రశ్న వచ్చినచో ఆ యేడాది చిన్నది కాదు.

జిల్లా పేరును షరతుగా పెట్టిన చాలదా? చాలదు. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో చేరెను. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలోనికి వచ్చెను. నేటి జిల్లా గడిలో ఇరువురు రైతులకును సూర్యాపేటయే! కావున రసీదు వ్రాసిన నాటి ఏలుబడిని తెలుపు గడి వేరుగా నుండవలెను. అప్పుడు మద్రాసు వరుసలలో జూలై మొదలు డిసెంబరు వరకు 590, తక్కిన నెలలకు 591 కలుపవలెను. హైదరాబాదు వరుసలలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు 590, తక్కిన వానికి 591. అక్టోబరు తొలి దినముల రసీదులను కంటితో చూచుటయే మేలు.

మార్చుటకు ముందు అదే షరతుతో ‘సెలెక్ట్’ ఆజ్ఞ నిచ్చి, ఎన్ని వరుసలు వచ్చునో లెక్కించుడు. పిదప ‘ట్రాన్సాక్షన్’ తెరచి మార్చుడు. లెక్క కుదిరిన ‘కమిట్’, కుదరకున్న ‘రోల్‌బ్యాక్’. రసీదులో దినము లేనిచో ఒకటవ తేదీ అని కల్పించుట మాకు సమ్మతము కాదు. ఆ గడి ఖాళీగానే యుండనిండు. ఫసలీ గడిని మాత్రము ఎన్నడును చెరుపరాదు. క్రొత్త తేదీని ప్రక్క గడిలో వ్రాయవలెను.