పై ఫ్లోర్ చప్పుళ్లకు ఫాల్స్ సీలింగ్ మందేనా? డబ్బు పెట్టే ముందు తెలుసుకోండి

టోలిచౌకి అయినా, గుంటూరు అయినా, అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్‌లో ఉండేవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. రాత్రి పదకొండు దాటాక పైన కుర్చీ లాగిన శబ్దం, పిల్లల పరుగులు, తెల్లవారుజామున మిక్సీ. రమజాన్‌లో సహరీ వేళ అయితే లేచే పని లేని పసిపిల్లలు, జబ్బుతో ఉన్న పెద్దలు కూడా ఉలిక్కిపడి లేస్తారు. చివరికి పై ఇంటివాళ్లతో మాటలే ఉండవు. అప్పుడెవరో "అకౌస్టిక్ ఫాల్స్ సీలింగ్ వేయించండి, చప్పుడు బంద్" అని సలహా ఇస్తారు. ఆ మాటలో నిజం ఎంత?

శబ్దం రెండు రకాలు

మాటలు, టీవీ, ఏడుపు గాలిలో వచ్చే శబ్దాలు. అడుగులు, కుర్చీ ఈడ్పు, రోట్లో దంపడం నేరుగా శ్లాబ్‌ను తాకే దెబ్బలు. మన ఇళ్లలోని ఐదంగుళాల కాంక్రీటు శ్లాబ్ మొదటి రకాన్ని బాగానే ఆపుతుంది. రెండో రకం దానికి చేతకాదు. దెబ్బ తగిలితే శ్లాబే కంపించి, కింది గదిలో మోగుతుంది. పై ఇంటి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయంటే కిటికీలు, పైపుల చుట్టూ ఉన్న రంధ్రాలు, డక్ట్ ముందు చూడండి. దబదబ చప్పుళ్లయితే సమస్య శ్లాబ్‌లో ఉంది.

మామూలు సీలింగ్ ఎందుకు పనిచేయదు?

అందం కోసం వేసే జిప్సం లేదా పీఓపీ సీలింగ్‌ను ఇనుప పట్టీలతో శ్లాబ్‌కు గట్టిగా బిగిస్తారు. శ్లాబ్ కంపనం ఆ పట్టీల గుండానే బోర్డుకు దిగుతుంది. లోపల ఖాళీ ఉంటే డోలక్‌లా కొన్ని శబ్దాలు ఇంకా పెరిగినట్టు కూడా అనిపిస్తాయి.

ఆఫీసుల్లో కనిపించే చిల్లుల పలకలు వేరే సంగతి. అవి గదిలో పుట్టిన ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి, పైనుంచి వచ్చేదాన్ని పెద్దగా ఆపవు. వాటి బ్రోచర్లో ఎన్‌ఆర్‌సి అని ఒక అంకె ఉంటుంది. పేరు చూసి కంగారు పడకండి, ఇది పలక ఎంత శబ్దం పీల్చుకుంటుందో చెప్పే లెక్క. మీకు కావాల్సింది గాలి శబ్దాన్ని ఆపే లెక్క అయిన ఎస్‌టీసీ, అడుగుల చప్పుడు లెక్క అయిన ఐఐసీ.

పనిచేసే సీలింగ్‌లో నాలుగు ఉండాలి

1. శ్లాబ్‌కు, ఫ్రేమ్‌కు మధ్య రబ్బరు లేదా స్ప్రింగ్ ఉన్న హ్యాంగర్లు. అసలు పని వీటిదే.
2. పైన ఖాళీలో రాక్ వూల్ లేదా గ్లాస్ వూల్, సాధారణంగా 50 మిల్లీమీటర్ల మందం. థర్మోకోల్ దీనికి బదులు కాదు.
3. 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు రెండు పొరలు, ఒకదాని అతుకు మీద ఇంకోదాని అతుకు రాకుండా.
4. అంచుల్లో బోర్డు గోడను తాకకుండా సన్నని సందు వదిలి, దాన్ని ఆరినా సాగే సీలెంట్‌తో నింపడం.

ఇంత చేసి ఆ బోర్డుకే పన్నెండు లైట్ల రంధ్రాలు కోస్తే పెట్టిన డబ్బు చాలావరకు వృథా. లైట్లు పైకి తగిలించేవి పెట్టుకోండి.

బరువు, ఫ్యాను, ఎత్తు

రెండు పొరల బోర్డు చదరపు మీటరుకు దాదాపు 17 కిలోలు. 12 బై 12 అడుగుల గదికి బోర్డే దాదాపు 227 కిలోలు అవుతుంది. ఫ్రేమ్, ఉన్ని అదనం. కాబట్టి శ్లాబ్‌లోకి యాంకర్ ఫాస్టెనర్లే వేయాలి, చెక్క గుల్లీలు కాదు. ఫ్యాను శ్లాబ్ కొక్కేనికే వేలాడాలి, సీలింగ్‌ను తాకకూడదు. ఎత్తు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు తగ్గుతుంది. పైనుంచి బాత్రూమ్ లీకేజీ ఉంటే ముందు అది బాగుచేయించాలి. లేదంటే తడి కనపడకుండా లోపలే పెరిగి, బోర్డు ఒకరోజు ఊడి పడుతుంది.

ఎంత తగ్గుతుంది?

"పూర్తిగా నిశ్శబ్దం" అని ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. కంపనం గోడలు, పిల్లర్ల గుండా కూడా దిగుతుంది. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు ఉంటుంది. సరిగ్గా కట్టిన సీలింగ్ నుంచి అలాంటి ఊరటే ఆశించాలి. అందుకే ఇల్లంతా కాకుండా ఒక్క పడకగదితో మొదలుపెట్టండి.

కొటేషన్‌లో చదరపు అడుగు రేటు ఒక్కటే ఉంటే ఒప్పుకోకండి. హ్యాంగర్లు, ఉన్ని మందం, బోర్డు పొరలు, సీలెంట్ విడివిడిగా రాయించుకోండి. బోర్డు మూసేముందు లోపల ఫోటోలు తీసుకోండి. మూశాక ఏముందో ఎవరికీ కనపడదు.

ముందు చవకైన దారి

అడుగుల చప్పుడుకు అసలు చికిత్స పైఫ్లోర్‌లోనే ఉంది. పిల్లలు ఆడే చోట మందపాటి కార్పెట్, కుర్చీ కాళ్లకు రబ్బరు బూట్లు, మిక్సీ కింద రబ్బరు మ్యాట్. వీటికయ్యే ఖర్చు సీలింగ్ ఖర్చులో చిన్న వంతు కూడా కాదు. కోపంగా ఉన్నప్పుడు కాకుండా, ఒక సాయంత్రం వెళ్లి "భాయ్, మా అమ్మీకి రాత్రి నిద్ర పట్టడం లేదు" అని చెప్పి చూడండి. చాలామందికి తమ అడుగుల చప్పుడు కింద ఎలా వినిపిస్తుందో తెలియనే తెలియదు. కావాలంటే ఆ మ్యాట్, రబ్బరు బూట్లు మీరే కొనివ్వండి. వారం చూసి, అప్పటికీ నిద్ర లేకపోతే అప్పుడు కాంట్రాక్టర్‌ను పిలవండి.