కడుపులో పుట్టి మెడలో తేలే గడ్డ

దేవనకొండ: కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. చేతికి పుండయితే చంకలో కడుతుంది. ముల్లు తీసి, పుండు మానితే బిళ్ళ దానంతటదే అణిగిపోతుంది. పల్లెల్లో ఇది తెలియనివారు లేరు. ఈ బిళ్ళలనే వైద్యులు లింఫు గ్రంథులంటారు.

మరి కడుపులో పుండు పడితే బిళ్ళ ఎక్కడ కడుతుంది? పొట్ట లోపల, కంటికి ఆనని చోట. ఆ పుండు కేన్సర్ అయినపుడు రోగికి ముప్పు తెచ్చేది ఈ కనబడని బిళ్ళలే.

వంకల్లో నీటి వలె

రక్తనాళాల నుంచి ఊరే తేటనీటి వంటి ద్రవమే లింఫు. దానిని తిరిగి రక్తంలో కలిపేందుకు ఒళ్ళంతా సన్నని నాళాలు వున్నాయి. దేవనకొండ ప్రాంతంలో కురిసిన వాన వంకల గుండా హంద్రీలో చేరి, చివరకు కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. లింఫు ప్రయాణమూ ఇంతే. దారి పొడవునా చెక్ డ్యాముల్లా గ్రంథులు వుంటాయి. క్రిములు కొట్టుకొస్తే అవి అక్కడ పట్టి వుంచుతాయి.

కేన్సర్ కణాలు కూడా ఇలాగే కొట్టుకొచ్చి గ్రంథుల్లో చిక్కుతాయి. కాని చావవు. ఒండ్రులో పడిన కలుపు విత్తనంలా అక్కడే మొలుస్తాయి. ఒక గ్రంథి నిండాక పై గ్రంథికి పాకుతాయి.

గ్రంథులకు నెంబర్లు

జీర్ణకోశ కేన్సర్ ఎక్కువగా వుండే జపాన్‌లో వైద్యులు ఈ గ్రంథుల గుంపులకు నెంబర్లు ఇచ్చారు. 1 నుంచి 6 వరకు జీర్ణకోశాన్ని అంటిపెట్టుకుని వుంటాయి. 7 మొదలు పైవి కాలేయానికి, ప్లీహానికి వెళ్ళే పెద్ద రక్తనాళాల వెంట వుంటాయి. అక్కడి నుంచి లింఫు ఒక పెద్ద నాళంలో చేరుతుంది. ఆ నాళం వెన్నెముక పక్కగా ఛాతీ గుండా పైకెక్కి, మెడ మొదట్లో ఎడమ వైపు రక్తంలో కలుస్తుంది.

అందుకే కడుపులో పుట్టిన కేన్సర్ కొందరిలో ఎడమ కాలర్ ఎముక పై గుంతలో గట్టి గడ్డగా తేలుతుంది. జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1848లో ఈ సంగతి గుర్తించాడు. నేటికీ ఆ గడ్డను ఆయన పేరుతోనే పిలుస్తారు. మెడలో గడ్డలన్నీ కేన్సర్ కావు. క్షయ వల్ల కూడా వస్తాయి. సూది పరీక్షతో ఏదో తేలుతుంది. అయితే జీర్ణకోశ కేన్సర్ మెడ దాకా వచ్చిందంటే ఆపరేషన్‌తో పూర్తిగా తీసివేయడం సాధారణంగా కుదరదు.

కోత ఒక్కటే చాలదు

1881 జనవరి 29న వియన్నాలో డాక్టర్ థియోడర్ బిల్‌రోత్ 43 ఏళ్ళ మహిళకు జీర్ణకోశంలో కేన్సర్ సోకిన భాగాన్ని కోసి తీశాడు. గాయం మానింది. ఆమె అన్నం తినగలిగింది. అయినా సుమారు నాలుగు నెలలకే చనిపోయింది. కేన్సర్ అప్పటికే పాకిపోయింది.

అందుకే నేడు శస్త్రవైద్యులు జీర్ణకోశంతో పాటు చుట్టుపక్కల గ్రంథులను కూడా తీస్తారు. కనీసం 16 గ్రంథులు పరీక్షించాలని నియమం. ఒకటి రెండు గ్రంథులకు పాకితే ఒక దశ, మూడు నుంచి ఆరు వరకు మరో దశ, ఏడు లేక అంతకు మించితే ఇంకో దశ. లెక్క పెరిగే కొద్దీ ఆశ తగ్గుతుంది. ఆపరేషన్ తరువాత మందుల నిర్ణయానికీ ఈ లెక్క అవసరం. కనుక రోగి బంధువులు ఆ రిపోర్టును భద్రంగా దాచుకోవాలి.

గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు

కడుపులో మంట అంటే సోడా తాగడం, గ్యాస్ బిళ్ళ మింగడం అలవాటు. దానితో కొన్నాళ్ళు బాధ తగ్గుతుంది. లోపల జబ్బు మాత్రం ఆగదు. నాలుగు ముద్దలకే కడుపు నిండడం, తిన్నది కక్కడం, మింగుడు పడకపోవడం, ఒళ్ళు తగ్గడం, విరేచనం తారులా నల్లగా రావడం వుంటే ఆలస్యం చేయరాదు. గొంతు గుండా సన్నని గొట్టం దింపి చూసే ఎండోస్కోపీ కొద్ది నిమిషాల పని. అనుమానం వున్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కర్నూలు పెద్దాసుపత్రిలో వైద్యులను సంప్రదించవచ్చు. పేదల చికిత్సకు 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది.

ఈ జబ్బుకు ఒక ముఖ్య కారణం కడుపులో చేరే హెలికోబాక్టర్ అనే క్రిమి. ఆ క్రిమిని, కడుపు పుండ్లలో దాని పాత్రను ఆస్ట్రేలియాలో కనుగొన్న ఇద్దరు వైద్యులకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమి వున్నవారందరికీ కేన్సర్ రాదు. వున్నదని తేలితే వైద్యులు రాసిచ్చే మందులు సుమారు రెండు వారాలు వాడితే చాలామందికి పోతుంది. బీడీ, సిగరెట్ మానడం, ఉప్పులో నిలవ వేసిన పదార్థాలు తగ్గించడం మంచిది.

గజ్జల్లో బిళ్ళ కడితే ముల్లు ఎక్కడుందా అని వెంటనే కాలు చూసుకుంటాం. కడుపు విషయంలో బిళ్ళ తేలేదాకా ఆగరాదు. ముల్లును ముందే వెదకాలి.