సముద్రానికి దూరంగా తాజా చేప

మీ నాన్నగారికి నెల్లూరు నుంచి మదనపల్లెకు బదిలీ అయిందనుకోండి. సామాను సర్దుకుని, కొండలు దాటి కొత్త ఊరు చేరారు. ఊరు బాగుంది, గాలి చల్లగా ఉంది. మొదటి ఆదివారం రానే వచ్చింది. అమ్మ మీ చేతికి సంచి ఇచ్చి, "చేప తాజాగా ఉంటేనే తీసుకురా, లేకపోతే వద్దు" అంది. చిక్కంతా ఇక్కడే మొదలైంది. నెల్లూరుకు అయితే సముద్రం ఎంతో దూరం కాదు. ఇక్కడ తాజా చేప ఎక్కడ దొరుకుతుంది?

ఒకసారి మీ అట్లాసు తెరవండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ రాయలసీమకు దక్షిణపు కొసన, కర్ణాటక పీఠభూమి అంచున ఉన్నాయి. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఈ మూడింటిలో ఏ ఊరి నుంచి తూర్పుగా స్కేలు పెట్టి కొలిచినా సముద్రం దాదాపు 200 కిలోమీటర్లు. రోడ్డు మీద వెళితే ఇంకా ఎక్కువ. మరి ఇంత దూరం వచ్చిన చేప తాజాగా ఉంటుందా? ఉండవచ్చు. ఊరి పక్కనే పట్టిన చేప పాడైపోయి కూడా ఉండవచ్చు! ఎందుకో చూద్దాం.

చేప ఎందుకు తొందరగా పాడవుతుంది?

చేప ఒంటిమీది జిగురులోను, మొప్పల్లోను, పేగుల్లోను కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. చేప బతికున్నంతకాలం అవి కండలోకి చొరబడలేవు. చచ్చిన తర్వాత అడ్డుకునేవారు ఉండరు. అంతేకాదు, తిన్న ఆహారాన్ని అరిగించే ఎంజైములు చచ్చిన చేప కడుపునే అరిగించడం మొదలుపెడతాయి. ఈ రెండు పనులూ వేడిలో పరుగెత్తుతాయి, చలిలో నత్తనడక నడుస్తాయి. సున్నా డిగ్రీల దగ్గర చేప పాడయ్యే వేగం ఒకటి అనుకుంటే, 10 డిగ్రీల దగ్గర అది సుమారు నాలుగు రెట్లు. ఎండలో బుట్టలో పెట్టిన చేప ఒక్క పూటలోనే చెడిపోతుంది. అదే చేప మంచులో ఎన్నో రోజులు నిలుస్తుంది. కాబట్టి తాజాదనాన్ని కిలోమీటర్లతో కొలవకూడదు. గంటలతోను, డిగ్రీలతోను కొలవాలి.

మంచు లెక్క

కొల్లేటి చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో పెరిగిన చేపలు మంచు పెట్టెల్లో లారీలెక్కి దూరప్రాంతాలకు వెళతాయి. కలకత్తాకు, అస్సాముకు కూడా పోతాయి. అలాంటప్పుడు మదనపల్లె రావడం ఒక లెక్కా?

ఎంత మంచు కావాలో మీరే కట్టవచ్చు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి. ఒక కిలో చేప 30 డిగ్రీల వద్ద ఉంది. దానిని సున్నా డిగ్రీలకు చల్లబరచాలంటే దాని నుంచి సుమారు 25,000 కెలోరీల వేడి తీసివేయాలి. 25,000ను 80తో భాగించండి. 300 గ్రాములకు కొంచెం పైన వస్తుంది. అంటే మూడో వంతు కిలో మంచు చాలు! కాని దారి పొడవునా పెట్టె గోడల నుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న వ్యాపారి చేప ఎంతో మంచు అంత వేస్తాడు. మంచు దిమ్మను అలాగే పెట్టడు, పొడిగా కొట్టి చేపల చుట్టూ పరుస్తాడు. ఎందుకో చెప్పగలరా? పొడి మంచు చేపను అన్ని వైపులా తాకుతుంది. కరిగిన చల్లని నీరు చేపల మీదుగా జారుతూ వేడిని మోసుకుపోతుంది.

మన చెరువు చేప

ఇక రెండో దారి. రాయలసీమలో పూర్వులు ఒక చెరువు నిండి మొరవ పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా చెరువులు కట్టారు. వానలు పడి చెరువులు నిండాక వాటిలో చేపపిల్లలను వదులుతారు. ఎండాకాలానికి నీరు తగ్గుతుంది, చేప ఎదుగుతుంది. అప్పుడు వలలు వేస్తారు. చేపలు పట్టే హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది. ఏ చెరువులో ఏ రోజు వల వేస్తారో తెలుసుకుంటే, పట్టిన గంటలోనే చేప మీ సంచిలో ఉంటుంది.

ఈ చెరువుల్లో ముఖ్యంగా మూడు చేపలు కలిసి పెరుగుతాయి. బొచ్చె పైనీటిలో తింటుంది. రాగండి నడుమ నీటిలో తింటుంది. ఎర్రమోసు అడుగున తింటుంది. అంగడిలో బొచ్చె నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది. పైన తేలే ఆహారం అందుకోవడానికి ఆ నోరు!

ఈ చేపలకు ఒక వింత గుణం ఉంది. అవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. కడుపులో గుడ్లు నిండినా, నదికి వరద వస్తే తప్ప విడిచిపెట్టవు. అందుకే ఒకప్పుడు వరదల్లో నదుల నుంచి పిల్లలను ఏరుకొచ్చి చెరువుల్లో వదలవలసి వచ్చేది. అలా తెచ్చినవాటిలో పనికిరాని చేపల పిల్లలు కూడా కలిసి వచ్చేవి. ఈ చిక్కును విప్పినవారు డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ అలికున్హి. చేప మెదడు కింద పీయూష గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథి రసాన్ని తీసి మరో చేపకు సూదిమందుగా ఎక్కించి, నది లేకుండానే గుడ్లు పెట్టించారు. ఒరిస్సాలో 1957 జూలై 10న ఈ ప్రయోగం ఫలించింది. అందుకే జూలై 10ని దేశమంతటా మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నారు. ఈ పద్ధతే లేకపోతే, పెద్ద నది అంటూ లేని మన మెట్ట ప్రాంతపు చెరువుల్లోకి ఏటా ఇన్ని పిల్లలు వచ్చేవా?

మంచు అక్కరలేని చేప

మూడో దారి ఇంకా సులువు. సంతలో తొట్టెలో కొంచెం నీళ్లు పోసి, కదులుతున్న నల్లని చేపలను అమ్మడం చూసే ఉంటారు. అవి కొర్రమీనులు. కొర్రమీనుకు మొప్పలతోపాటు, వాటికి పైన తలలో గాలి పీల్చుకునే గదులు ఉన్నాయి. నీటి పైకి మూతి పెట్టి మనలాగే గాలి పీలుస్తుంది. అందువల్ల కొద్దిపాటి తడి ఉంటే గంటల తరబడి బతుకుతుంది. బతికున్న చేపకు మంచు ఎందుకు? పైగా దీనికి సన్న ముళ్లు తక్కువ. ధర మాత్రం ఎక్కువ!

చేపను చదవడం నేర్చుకోండి

మీరిప్పుడు అంగడి ముందు నిలబడ్డారు. ముందుగా కన్ను చూడండి. తాజా చేప కన్ను ఉబ్బి, అద్దంలా మెరుస్తుంది. పాడవుతున్న చేప కన్ను లోపలికి పోయి, పాలు పోసినట్టు మసకగా ఉంటుంది. తర్వాత మొప్ప ఎత్తండి. ఎర్రగా ఉంటే మంచిది. గోధుమరంగుకు తిరిగిందంటే నెత్తురులోని వర్ణకం మారిపోయిందని గుర్తు. తర్వాత వేలితో నొక్కండి. గుంట వెంటనే పూడుకోవాలి. చివరగా వాసన చూడండి.

"బాగా ఉడికిస్తే ఏ చేపైనా ఏం కాదులే" అని కొందరు అంటారు. ఇది ప్రమాదకరమైన మాట. కానాగంత, సూర వంటి సముద్రపు చేపలను ఎండలో వదిలేస్తే సూక్ష్మజీవులు వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది తింటే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. మంట సూక్ష్మజీవులను చంపుతుంది కాని హిస్టమిన్‌ను పోగొట్టలేదు. కాబట్టి అనుమానం కలిగిన చేపను కొనకపోవడమే మేలు.

వంటింట్లో రసాయనశాస్త్రం

నెల్లూరి నాలుకకు చెరువు చేపలో ఒక కొత్త వాసన తగులుతుంది. అదే మట్టి వాసన. దీనికి కారణం జియోస్మిన్. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. అది చేప మొప్పల ద్వారా కొవ్వులోకి చేరుతుంది. తొలకరి చినుకు పడగానే నేల నుంచి వచ్చే కమ్మని వాసనలోనూ ఉండేది ఇదే! వానలో ఇష్టపడతాం, కూరలో ముఖం చిట్లిస్తాం. లక్ష కోట్ల పాళ్ల నీటిలో పది పాళ్లు ఉన్నా మన ముక్కు దీన్ని పట్టేస్తుంది.

మరి విరుగుడు? చింతపండు. పులుపులోని ఆమ్లం జియోస్మిన్‌ను వాసన లేని పదార్థంగా మారుస్తుంది. సముద్రపు చేప నీచు వాసనకూ ఆమ్లమే మందు. ఆ వాసన అమీన్ల వల్ల వస్తుంది. అవి క్షారాలు. ఆమ్లంతో కలిసి లవణాలుగా మారితే గాలిలోకి లేవలేవు. మదనపల్లె టమోటాలకు పేరుపడ్డ ఊరు కదా! టమోటాలోనూ ఆమ్లాలు ఉన్నాయి. కాబట్టి చింతపండు పులుసులో నాలుగు టమోటాలు వేస్తే రుచికి రుచి, శాస్త్రానికి శాస్త్రం.

అమ్మకు మీరూ సాయం చేయండి. ముక్కలకు కల్లుప్పు, పసుపు పట్టించి, జిగురు పోయేదాకా రుద్ది కడగండి. ఉల్లిపాయలు వేగాక టమోటాలు మగ్గించి, చింతపండు రసం, కారం, ధనియాల పొడి వేసి పులుసును ముందుగా బాగా మరగనివ్వాలి. ముక్కలు చివరికి వేయాలి. చేప కండ పోగులు పొట్టివి. వాటిని పట్టి ఉంచే పొరలు తక్కువ వేడికే కరిగిపోతాయి. పది పదిహేను నిమిషాలు చాలు. గరిటె పెట్టి కలిపితే ముక్క చెదిరిపోతుంది. గిన్నె చెవులు పట్టుకుని కుదపాలి. పక్కన వేడివేడి రాగి సంగటి ఉంటే నెల్లూరు మీద బెంగ కొంత తీరుతుంది!

చెరువు బాగుంటేనే

ఒక్క సంగతి మరవకండి. చెత్త, మురుగునీరు చేరిన చెరువులో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండలో నాచు ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి మాత్రం చేపలతోపాటు అదీ పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి నీటిలో ప్రాణవాయువు అడుగంటి, చేపలు వెల్లకిలా తేలుతాయి. ఎవరో విషం కలిపారని ఊరంతా అనుకుంటుంది. అసలు కారణం మనం పారబోసిన చెత్తే కావచ్చు. సముద్రం 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి తాజా చేప ఇచ్చేది ఊరి చెరువే. అది పాడైతే మంచు లారీ ఒక్కటే మిగులుతుంది.

వచ్చే ఆదివారం అంగడికి వెళ్లినప్పుడు ఇలా అడగండి: "అక్కా, ఇది ఏ చెరువు చేప? ఎప్పుడు పట్టినారు? మంచు ఎన్నిసార్లు మార్చినారు?" జవాబులను ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. కన్ను, మొప్ప, కండ ఎలా ఉన్నాయో పక్కన గుర్తు పెట్టండి. నాలుగు ఆదివారాలు గడిచేసరికి ఏ చేప తాజాదో మీ ఇంట్లో అందరికంటే మీకే బాగా తెలుస్తుంది.