మాచర్ల బండలో బంగారు పురుగు

నాపరాళ్ళు పరిపించుకున్న వాళ్ళెవరో ఏడాదికి నాలుగైదు సార్లయినా నాకొక ఫోటో పంపుతారు. నల్లటి బండలో గోరంత పసుపు మెరుపు. కింద ప్రశ్న: "ఇది బంగారమా సార్, బంగారంగా మారిన పురుగా?"

రెండూ కాదండీ, పైరైటు. ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. టైలు వెనకవైపు గరుకు మీద గీయండి. బంగారమైతే పసుపు గీత పడుతుంది, పైరైటుకు ఆకుపచ్చ కలిసిన నల్ల గీత. కంసాలి దాకా పోనక్కర్లేదు.

అయితే బంగారు పురుగు అన్న మాటను కొట్టిపారెయ్యలేను. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ ఊరి దగ్గర నాలుగు వేళ్ళ మందం కూడా లేని ఒక రాతి పొర ఉంది. వయసు దాదాపు 45 కోట్ల ఏళ్ళు. అందులోని ట్రైలోబైట్ల గురించి, అంటే ఎప్పుడో అంతరించిన పెంకు సముద్రజీవుల గురించి, 1893లో చార్లెస్ బీచర్ అనే శాస్త్రవేత్త రాశాడు. మిగతా చోట్ల సాధారణంగా వీటికి పైపెంకే మిగులుతుంది. ఇక్కడ కాళ్ళు, మీసాలు కూడా పసిడి రంగులో నిలిచాయి.

వాటిని నిలబెట్టింది కుళ్ళే. శుభ్రంగా కడిగిన గచ్చు మీద బెల్లం ముక్క పెట్టండి. చీమలు దాని అంచు వెంబడే మూగుతాయి. బెల్లం అయిపోయినా చీమల్ని చూసి ముక్క ఆకారం చెప్పొచ్చు. అదే గచ్చంతా పంచదార ఒలికి ఉంటే చీమలు ఎక్కడపడితే అక్కడే. సముద్రపు బురదలోనూ అంతే. కుళ్ళే సరుకు తక్కువగా, కరిగిన ఇనుము దండిగా ఉంటే బాక్టీరియాకు ఆ కళేబరం ఒక్కటే బెల్లం ముక్క. ఆక్సిజన్ లేని చోట అవి నీటిలోని సల్ఫేటుతో ఊపిరి తీస్తాయి, కుళ్ళిన గుడ్డు కంపు గ్యాసు వదులుతాయి. అది దూరం పోకముందే ఇనుము పట్టేసుకుంటుంది. కాలు కుళ్ళిన చోట కాలి ఆకారంలోనే పైరైటు. నా చీమలు ఇంకో పని కూడా చెయ్యాలి మరి: తిన్నచోటే రాయైపోవాలి!

2017లో ఈ ట్రైలోబైట్ల తల అంచు కింద గుడ్ల గుత్తులు బయటపడ్డాయి. 2024లో ఆ ప్రాంతం నుంచే లొమాంకస్ అనే కొత్త జీవి. రాయి పగలగొట్టకుండా సీటీ స్కాన్‌తో చూశారు. కళ్ళున్న జాడ లేదు, తల ముందు కొరడాల్లాంటి తంతువులు. బురదలో తడుముకుంటూ బతికిందన్నమాట.

ఇక మన రాయి. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చేదీ, మాచర్ల ఇళ్ళలో పరిచేదీ కడప బేసిన్ తాలూకు సున్నపురాయి. కాళ్ళూ మీసాలూ ఉన్న జీవులు పుట్టకముందే పేరుకున్న బురద. అందులో ట్రైలోబైటును వెతకడం బ్రహ్మనాయుడి చేతిలో తుపాకీ వెతకడమే. సల్ఫేటు పీల్చే బాక్టీరియా మాత్రం అప్పటికే ఉన్నాయి. మీ బండలో మెరుపు వాటి ఊపిరే అయ్యుండొచ్చు.

ఈ మధ్య ధనం కలిసొస్తుందని పైరైటు పూసల్ని చేతికి కడుతున్నారు. చెమటా గాలీ తగిలితే అది తుప్పు పట్టి ఆమ్లం వదులుతుంది. మ్యూజియాల్లో ఈ శిలాజాలను తేమ తగలకుండా దాచేది అందుకే. మీరు కూడా ఆ మెరుపు బండను స్నానాలగది గుమ్మంలో వెయ్యకండి. కొన్నాళ్ళకు చుట్టూ ఎర్రమరక దిగొచ్చు.